ఐదు వేల కత్తి, ఐదు వందల కత్తి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. దసరాకని వెళ్ళి నేనప్పుడు ఉద్దానంలో మా మావయ్య ఇంట్లో ఉన్నాను. గాలి గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో వీచిందని తరవాత పేపర్లలో చదివాం. ఆ చీకట్లో మాకు చప్పుడొక్కటే తెలుసు. కొబ్బరిచెట్టు వేళ్ళతో సహా లేచేముందు నేల లోపల్నుంచి మూలిగినట్టు వస్తుంది. ఆ మూలుగు వినగానే ఎటు పడుతుందోనని గోడకి ఆనుకుని ఊపిరి బిగబట్టేవాళ్ళం. అలా పదకొండు చెట్లు లెక్కపెట్టాం. పన్నెండోది పశువుల శాల మీద పడింది.

వాన కాస్త తెరిపిచ్చి మసక వెలుతురు రాగానే మావయ్య, నేను బయటికి పరిగెత్తాం. శాల కప్పు ఒక పక్కకి కూలిపోయి ఉంది. ఆవు మీద వాసాలు పడ్డాయి. పలుపు బిగుసుకుపోయి మెడ పక్కకి తిరిగిపోయింది. నా నడుముకి కత్తి ఉంది. ఆన్‌లైన్‌లో ఐదు వేలకి దగ్గర దగ్గర పెట్టి కొన్న సర్వైవల్ కత్తి అది. నల్లటి బ్లేడు, వెన్ను మీద రంపపు పళ్ళు, పిడి చివర దిక్సూచి, పిడి లోపల అగ్గిపుల్లలూ గాలమూ. తడిసిన నైలాన్ పలుపు మీద దాన్ని రెండుసార్లు లాగాను. అంచు జారిపోయింది. వెన్ను తిప్పి రంపం పెట్టాను, పళ్ళకి పోగులు చుట్టుకుని కత్తి అక్కడే ఇరుక్కుపోయింది. ముందు వాసం తప్పిద్దామని దాని మీద బలంకొద్దీ ఒక వేటు వేశాను. పిడి నా చేతిలో ఉండిపోయింది, బ్లేడు బురదలో పడింది.

మావయ్య ఒక్క మాట అనలేదు. ఇంటి చూరులో దోపిన కత్తి లాక్కొచ్చాడు. మోచేతి నుంచి మణికట్టు దాకా పొడవుంటుంది, చివర కొంచెం కొక్కెంలా వంపు, తుమ్మకర్ర పిడి. పలుపు ఒక్క లాగుకి తెగింది. వాసం నాలుగు వేట్లకి రెండు ముక్కలైంది. ఆవు లేచి నిలబడింది. ఆ తరవాత మూడు రోజులూ ఆ కత్తి మళ్ళీ చూరులోకి వెళ్ళలేదు. దారికడ్డం పడ్డ కొమ్మలు కొట్టింది, తాళ్ళు కోసింది, టార్పాలిన్ కట్టడానికి గుంజలు చెక్కింది, కరెంటూ మోటారూ లేక తాగునీళ్ళు దొరకనప్పుడు రాలిపడ్డ బొండాలు కొట్టి ఇంటిల్లిపాదికీ, పక్కిళ్ళ పిల్లలకీ నీళ్ళిచ్చింది. ఊళ్ళోని కమ్మరి తాత లారీ కమాను పట్టీతో కొట్టిచ్చిన కత్తి అది. మావయ్య దానికిచ్చింది ఐదు వందలు.

అప్పటినుంచీ కత్తుల గురించి నేను చదివినదీ, చేతులు కాల్చుకుని నేర్చుకున్నదీ కలిపి చూస్తే నాకు ఒకే మాట మిగిలింది. గట్టి కత్తి కావాలంటే ఎక్కువ డబ్బు అక్కర్లేదు. కొలిమిలో కాల్చి ముంచినప్పుడు ఉక్కుకి సరైన పదును పట్టి ఉండాలి, అంచుని మన చేత్తో మనం మళ్ళీ మళ్ళీ తెచ్చుకోగలగాలి. ఈ రెండూ లేని కత్తి ఎంత ఖరీదైనా ఆపదలో చెయ్యి వదిలేస్తుంది. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ట్రెక్కింగులకీ క్యాంపింగులకీ కొత్తగా వెళ్తున్న కుర్రాళ్ళు నన్ను కత్తి గురించి అడిగినప్పుడల్లా వాళ్ళ ఫోన్లలో చూపించేది, ఆ రోజు నా చేతిలో విరిగినలాంటి కత్తినే.

విరిగిన ఆ కత్తిని పారెయ్యలేదు, ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. అడిగినవాళ్ళకి దాన్నే చూపిస్తాను. పిడి అంతా బోలు గొట్టం. బ్లేడు పిడిలోకి దిగింది బొటనవేలి గోరంత మేర. ఆ గోరంత ముక్కని ఒక నట్టుతో బిగించి పైన ఏదో జిగురు పోశారు. వేటు వేసినప్పుడు కత్తి మీద పడే బలమంతా బ్లేడూ పిడీ కలిసేచోటికే వస్తుంది. అక్కడ ఉక్కు సన్నబడితే పైన ఎంత లావు బ్లేడున్నా దండగ. మా కమ్మరి తాత పిడిలోకి దిగే ముక్కని తోక అంటాడు. కత్తి చూడగానే ఆయన అడిగే మొదటి ప్రశ్న "తోకెంతుంది బాబూ?" అని. తోక పిడి చివరిదాకా, పిడి అంత వెడల్పుతో వెళ్ళి, రెండు పక్కలా చెక్కలు వేసి రివిట్లు కొడితే అది అన్నిటికన్నా గట్టిది. పిడిలో సగానికి పైగా దిగిన సన్నటి తోక కూడా మామూలు పనికి సరిపోతుంది. బోలు పిడి మాత్రం వద్దు. 1980ల్లో ఒక హాలీవుడ్ హీరో చేతిలో చూసి ప్రపంచమంతా ఆ ఆకారం మీద మోజు పడింది. ఆ మోజు నలభై ఏళ్ళు దాటినా చౌక నకళ్ళ రూపంలో ఇంకా అమ్ముడవుతోంది. అగ్గిపుల్లలు దాచుకోవాలంటే సంచిలో పెట్టుకోవచ్చు కదా.

అసలు మనకి కత్తి దేనికి? ఈ ప్రశ్న వేసుకోకుండా కొనేవాళ్ళే ఎక్కువ. పెద్దపులితో పోరాడ్డానికి కాదు. మన దగ్గర ప్రాణం మీదికొచ్చే సందర్భాలు తుపానూ, వరదా, అడవిలో దారి తప్పడం, వానలో తడిసి చలికి బిగుసుకుపోవడం. వీటిలో కత్తి చేసే పనులు చాలా చిన్నవి. తాడు కొయ్యడం, గుడ్డ చించడం, గుంజ చెక్కడం, కొమ్మ కొట్టడం, నిప్పు రాజెయ్యడం.

నిప్పు సంగతి మారేడుమిల్లి దగ్గర కళ్ళారా చూశాను. అక్టోబరులో ఒక సాయంత్రం కుండపోత కురిసి ఆగింది. అడవంతా నానిపోయి ఉంది. మాకు దారి చూపించడానికి వచ్చిన కొండరెడ్డి ఆయన నిలబడి ఉన్న ఎండు వెదురొకటి కొట్టి తెచ్చి, నిలువునా చీల్చి, తడి తగలని లోపలి వైపు కత్తిని నిటారుగా పెట్టి గీకడం మొదలుపెట్టాడు. వెదురు పొట్టు దూదిలా రాలింది. గుప్పెడు పోగయ్యాక ఇంకో బద్దని ఆకుల్లా సన్నగా లేపాడు, ముక్క నుంచి ఊడిపోకుండా చివర చుట్టలు తిరిగేలా. లైటర్ ఒక్కసారి చూపిస్తే అంటుకుంది. ఆయన కత్తికి రంపం లేదు, దిక్సూచి లేదు. అంచు మాత్రం నా చేతి వెంట్రుకలు గొరిగేంత పదునుగా ఉంది. కత్తి వెన్ను కూడా గుండ్రంగా కాకుండా కోసిన అంచులా నలుపలకగా ఉంది. గీకుడంతా దాంతోనే చేశాడు. అంచు అరగకుండా దాచుకోవడం అంటే ఏమిటో నాకప్పుడు అర్థమైంది.

చట్టం మాట కూడా ఇక్కడే చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్ళకూడదు. ఆ చట్టం ఆయుధాల జాబితాలో కత్తి కూడా ఉంది. అమ్రాబాద్ వెళ్ళినా పాపికొండలు వెళ్ళినా అటవీశాఖ వాళ్ళకి ముందే చెప్పి, వాళ్ళు వద్దంటే కత్తి వదిలేసి వెళ్ళాలి. ఆయుధాల నియమాల్లో 9 అంగుళాల కన్నా పొడవున్న, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పున్న కత్తులకి వేరే లెక్క ఉంది. ఇంటి పనికీ సాగుకీ చేసినవాటికి మినహాయింపు ఉంది. కొబ్బరితోటలో కమాను కత్తి పనిముట్టు. అదే కత్తిని నడుముకి కట్టుకుని బస్టాండులో తిరిగితే ఎదుటివాళ్ళకి అది వేరేలా కనిపిస్తుంది, పోలీసులకీ అంతే. చిన్న కత్తిని సంచి అడుగున, ఒరలో పెట్టుకుని వెళ్ళడమే నా అలవాటు.

ఇక ఎంత కత్తి? ఒక్క కత్తితో అన్ని పనులూ చెయ్యాలనుకోవడం దగ్గరే అందరూ పొరబడతారు. బొండాం కొట్టడానికి బరువు కావాలి, పొడవు కావాలి. గాలం తాడు కొయ్యడానికీ చేప కడగడానికీ పండు కొయ్యడానికీ నాలుగంగుళాల పల్చటి బ్లేడు కావాలి. ఈ రెండిటినీ కలిపి ఏడంగుళాల పొడవుతో ఆరు మిల్లీమీటర్ల మందంతో చేసిన కత్తి రెండు పనులూ సగం సగం చేస్తుంది. ఉల్లిపాయ మీద పెడితే కోస్తుందనుకుంటాం, చీలుస్తుంది. కొమ్మ మీద వేస్తే గొడ్డలంత బరువు లేక ఎగిరిపోతుంది. అందుకే రెండు కత్తులు చెప్తాను. చిన్నదానికి బ్లేడు నాలుగంగుళాలు, మందం రెండున్నర నుంచి మూడున్నర మిల్లీమీటర్లు. పెద్దది మన కమ్మరి దగ్గర. రెండూ కలిపినా విరిగిన నా కత్తి ఖరీదులో సగమే అయింది.

చిన్న కత్తి విషయంలో నేను నమ్మింది స్వీడన్ కత్తిని. మోరా అనే ఊళ్ళో ఒక కంపెనీ 1891 నుంచి కత్తులు చేస్తోంది. అక్కడి వడ్రంగులూ, ఎలక్ట్రీషియన్లూ, చేపలు పట్టేవాళ్ళూ రోజూ వాడే ప్లాస్టిక్ పిడి కత్తులు అవి. వాటిలో కంపానియన్ అనే రకానికి బ్లేడు పది సెంటీమీటర్ల పైచిలుకు. స్టెయిన్‌లెస్ దానికి మందం రెండున్నర మిల్లీమీటర్లు. తోక పిడి చివరిదాకా వెళ్ళదు, కొంతదూరమే దిగుతుంది. ఆ ఒక్క కారణంతో దాన్ని తీసిపారేసేవాళ్ళని చాలామందిని చూశాను. నేను ఒప్పుకోను. నాదాన్ని ఆరేళ్ళుగా వాడుతున్నాను. ముంజేతి లావు కర్రల్ని దానిమీద ఇంకో కర్రతో కొట్టి చీల్చాను, పిడి కదల్లేదు. ఇనప మేకుల మీద వేసి కొట్టేవాళ్ళకి అదే కంపెనీ చివరిదాకా తోకున్న గార్బర్గ్ అనే రకం చేస్తుంది, దాని మందం 3.2 మిల్లీమీటర్లు, ధర మాత్రం అనేక రెట్లు. నాకు ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. నేను కొన్నప్పుడు కంపానియన్ రెండు వేల లోపే పడింది. అమెరికాలో ఉన్నవాళ్ళకి అప్పట్లో ఇంకా చౌక. అక్కడినుంచి తెచ్చేవాళ్ళుంటే చెకిన్ సామానులో పెట్టి తెమ్మనండి, చేతి సంచిలో పెడితే విమానాశ్రయంలోనే తీసుకుంటారు.

అది మంచి కత్తి కావడానికి అసలు కారణం అంచు తీరు. బ్లేడు రెండు పక్కలా మధ్యనుంచి అంచుదాకా ఒకే ఏటవాలుగా వెడల్పాటి చదును ఉంటుంది. ఆ చదునుని రాయి మీద ఆనిస్తే కోణం దానంతటదే కుదురుతుంది. సాన పట్టడం ఎప్పుడూ నేర్చుకోనివాడు కూడా పది నిమిషాల్లో పదును తేగలడు. ఎక్కువ ధరల కత్తుల్లో చాలావాటికి అంచు చివర కంటికి సరిగ్గా ఆననంత చిన్న కోణం ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకోవడం అలవాటు లేనివాడికి కష్టం. కత్తి మొద్దుబారాక అలాగే వాడతాడు, బలం పెడతాడు, జారుతుంది, చెయ్యి తెగుతుంది. కత్తిగాయాల్లో నేను చూసినవన్నీ మొద్దు కత్తులతో అయినవే.

ఉక్కు పేర్ల దగ్గర కొనేవాళ్ళు బెదిరిపోతారు కానీ వాటిలో కొన్నిటిని అంకెలు చూసే చదివెయ్యొచ్చు. 1095 అని ఉంటే చివరి రెండంకెలు కార్బన్: 0.95 శాతం. 1075 అయితే 0.75 శాతం. 3సీఆర్13 అంటే కార్బన్ 0.3 శాతం దగ్గర, క్రోమియం 13 శాతం దగ్గర. 8సీఆర్13 అంటే కార్బన్ 0.8 శాతం. మోరా వాడే 12సీ27 అనే స్టెయిన్‌లెస్‌లో కార్బన్ 0.6 శాతం, క్రోమియం 13.5 శాతం. ఈ కార్బనే ఉక్కుకి గట్టిదనం ఇస్తుంది. 0.3 దగ్గర ఆగిన ఉక్కు ఎన్ని తంటాలు పడ్డా గట్టి అంచు నిలుపుకోదు, రెండు వెదుళ్ళు చీల్చేసరికి అంచు వంగిపోతుంది. ఊరికే 440 అని రాసి పక్కన అక్షరం లేకపోతే అనుమానించండి. 440ఏ, 440బీ, 440సీ మూడిటికీ కార్బన్‌లో చాలా తేడా ఉంది, సీ రకంలోనే 0.95 శాతం దాటుతుంది. సర్జికల్ స్టీలు, జపాన్ స్టీలు లాంటి మాటలు ఉన్నచోట ఉక్కు పేరు కనపడకపోతే ఆ పేజీ మూసెయ్యడం మేలు.

ఐతే ఉక్కు పేరు సగం కథే. అదే ఉక్కుని ఒకడు గాజులా పెళుసుగా చెయ్యగలడు, ఇంకొకడు తగరంలా మెత్తగా చెయ్యగలడు. మన భాషలో పదును అనే మాట నాకెంతో ఇష్టం. వాన పడ్డాక దున్నడానికి సరిపోయే తడి నేలకుంటే పదునైంది అంటాం. ఉక్కుని కాల్చి ముంచి సరైన గట్టిదనానికి తెచ్చినా పదునే. అంచు కోతా పదునే. ఎక్కువ తడిసినా నేల పనికిరాదు, తక్కువైనా పనికిరాదు. ఉక్కు సంగతీ అచ్చం అంతే.

తాత కత్తి కొడుతుంటే ఒకరోజంతా పక్కన కూర్చున్నాను. కొట్టు చీకటిగా ఉంటుంది. కిటికీ తెరవొచ్చు కదా తాతా అని అడిగితే, "ఎండలో ఎరుపెలా అగుపిస్తాది బాబూ?" అన్నాడు. కాలిన ఇనుము రంగు చూసి వేడి అంచనా వేస్తాడు కాబట్టి చీకటి ఆయన పనిముట్లలో ఒకటి. నేను పట్టుకెళ్ళింది జీపు కమాను పట్టీ ముక్క. దాన్ని కాసేపు తిప్పి తిప్పి చూసి, ఒక చివర రెండంగుళాలు కోసి పక్కన పడేశాడు. పట్టీ విరిగిన చోటుకి దగ్గరగా కంటికి కనపడని పగుళ్ళుంటాయి, కత్తయ్యాక అవే తెరుచుకుంటాయి. ఈ ఒక్క ముక్క తెలియక పాత ఇనుపకొట్టులో ఏది దొరికితే అది తెచ్చి కొట్టించుకుని, కత్తి విరిగిందని కమ్మరిని తిట్టేవాళ్ళున్నారు.

దాగలి మీద పెట్టి సాగగొట్టి, అంచు వైపు పల్చన చేసి, ఆకురాయితో రాసి ఆకారం తెచ్చేసరికి మధ్యాహ్నమైంది. అప్పుడు మళ్ళీ కొలిమిలో పెట్టాడు. అంచంతా ఒకే ఎరుపుకి వచ్చేదాకా తిత్తి మెల్లగా ఊదించాడు. ఎర్రగా కాలిన ఉక్కు ఒక దశ దాటాక అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది, అది సుమారు 770 డిగ్రీల వేడి. దానికి ఇంకాస్త పైన ముంచాలి. చేతిలో అయస్కాంతం పట్టుకెళ్ళి చూశాను నేను. తాత కంటితో "ఇప్పుడు" అన్నప్పుడు అది నిజంగానే అంటుకోలేదు. పక్కనే రెండు తొట్లున్నాయి, ఒకదాన్లో నీళ్ళు, ఇంకోదాన్లో వాడేసిన ఇంజనాయిలు. కొడవళ్ళకి నీళ్ళు. "కమానుకి నీళ్ళు పనికిరావు, పగిలిపోద్ది" అంటూ నూనె తొట్టిలో అంచు మాత్రం వేలెడు లోతున ముంచాడు, వెన్ను పైకే ఉంచి. పొగ కొట్టంతా కమ్మేసింది. తీసి గబగబా ఇసకరాయి మీద రెండు రుద్దులు రుద్దాడు. అంచు తెల్లగా మెరిసింది. అప్పుడు ఊరుకున్నాడు, కదలకుండా చూస్తూ. వెన్నులో మిగిలిన వేడి మెల్లగా అంచు వైపు దిగుతుంటే ఆ తెలుపు మీద లేత పసుపు పాకింది, తేనె రంగయింది. ఆ తేనె రంగు గోధుమ రంగులోకి తిరగబోతుండగా కత్తి మొత్తం ముంచేశాడు. అంతే. ఆ రంగు దాటి నీలం వచ్చేదాకా ఆగితే అంచు మెత్తబడుతుంది. పసుపు రాకముందే ముంచితే రాయి తగిలినప్పుడు పెచ్చు లేస్తుంది.

ఇలా చేసిన కత్తికి అంచు గట్టిగానూ వెన్ను మెత్తగానూ ఉంటాయి. అంచు నిలుస్తుంది, వెన్ను దెబ్బని మింగుతుంది. కమాను పట్టీల్లో కార్బన్ సుమారు 0.5 నుంచి 0.65 శాతం దాకా ఉంటుంది, దానికి తోడు సిలికానో క్రోమియమో కలుపుతారు. గోతుల రోడ్ల మీద ఏళ్ళ తరబడి వంగి లేవడానికి చేసిన ఉక్కు అది. దెబ్బకి ఓర్చుకోవడమే దాని పుట్టుక. నేపాల్ కమ్మర్లు కుక్రీలనే వంపు కత్తులకి వాహనాల పట్టీలు వాడేదీ ఇందుకే.

ఒక అభ్యంతరం న్యాయమైనదే. కమ్మరి కత్తి ఒక్కోటి ఒక్కోలా వస్తుంది, ఫ్యాక్టరీ కత్తి వెయ్యీ ఒకేలా ఉంటాయి. నిజమే. అందుకే తెచ్చుకున్న రోజే పరీక్ష చెయ్యాలి. కొత్త ఆకురాయి తీసుకుని అంచు దగ్గర మెల్లగా తొయ్యండి. గాజు మీద జారినట్టు జారితే పదును పట్టినట్టు. పట్టుకుని పొడి రాలితే మెత్తగా ఉన్నట్టు. వెన్ను మీద తోస్తే మాత్రం పట్టుకోవాలి. తరవాత ఎండిన కర్ర మీద ఇరవై వేట్లు వేసి అంచుని వెలుతురులో చూడండి. ఎక్కడైనా మెరుపు చుక్కలు కనపడితే అక్కడ అంచు వంగిందో పెచ్చు ఊడిందో అయుంటుంది. నాకు మొదటిసారి చేసిచ్చిన కత్తి మొనవైపు మెత్తగా వచ్చింది. పట్టుకెళ్తే తాత ఆకురాయి ఒకసారి తోసి చూసి, మారు మాట్లాడకుండా మళ్ళీ కొలిమిలో పెట్టాడు. ఐదు వేల కత్తి విరిగినప్పుడు దాన్ని అమ్మినవాళ్ళకి నేను రాసిన నాలుగు ఉత్తరాలకి జవాబే రాలేదు.

కార్బన్ ఉక్కుకి తుప్పు పడుతుంది. సముద్రపు గాలిలో ఒక్క రాత్రి చాలు. మావయ్య దానికి చేసేది కొబ్బరినూనె వేలితో రాయడం, చర్మపు ఒరలో నిలవ ఉంచకపోవడం. తోలు తేమ పట్టుకుంటుంది. ఆవకాయ రోజుల్లో మామిడికాయల మీద వాడితే బ్లేడు నల్లబడుతుంది. ఆ నలుపుని తోమెయ్యకండి, ఎర్ర తుప్పు రాకుండా అది కొంత అడ్డుపడుతుంది. ఇంత శ్రద్ధ చెయ్యలేమనుకునేవాళ్ళు చిన్న కత్తి స్టెయిన్‌లెస్‌లో తీసుకోవడమే మంచిది. నేను తీసుకున్నదీ అదే. తీరంలో ఉండేవాళ్ళకి వరదనీళ్ళలో రెండు రోజులు నానినా తరవాత తుడుచుకుంటే సరిపోయే కత్తి ఒకటుండాలి.

అలల్లాంటి గీతలతో డమాస్కస్ అని ఇప్పుడు అమ్ముతున్న వాటి గురించి అడిగేవాళ్ళున్నారు. ఈ విషయంలో నాకు కొంచెం బాధ. ఒకప్పుడు పారశీక వర్తకులు మన నిజామాబాదు జిల్లా కోనసముద్రం దాకా వచ్చి, ఇక్కడి కమ్మర్లు మూసల్లో వండిన ఉక్కు ముద్దలు కొనుక్కెళ్ళేవారు. 1820ల్లో అక్కడికి వెళ్ళిన వాయిసీ అనే ఇంగ్లీషు భూగర్భ శాస్త్రవేత్త ఆ పనిని చూసి రాసిపెట్టాడు. ఆ ఉక్కుని ఇంగ్లీషువాళ్ళు వూట్జ్ అన్నారు, ఆ పేరుకి మూలం ఉక్కు అన్న మాటేనంటారు. పాత డమాస్కస్ కత్తుల గీతలు ఆ ముద్దలోనుంచే పుట్టేవి. ఇప్పటి చౌక డమాస్కస్‌లో రెండు రకాల ఇనుముని అతికి మడిచి, ఆసిడ్‌లో ముంచి గీతలు తేల్చుతారు. మంచి పనివాడు చేస్తే అదీ గట్టి కత్తే. రెండు మూడు వేలకి దొరికే వాటిలో ఏ ఉక్కు వేశారో ఎవరూ చెప్పరు, పదును సరిగ్గా పట్టిందో లేదో అసలే చెప్పరు. గీతలకిచ్చే డబ్బుతో ఒక మోరా వస్తుంది.

సాన గురించి ఒక్క హెచ్చరిక. వీధుల్లో సైకిల్ మీద చక్రం తిప్పుతూ కత్తులకి సాన పట్టేవాళ్ళ దగ్గర వంటింటి కత్తులు పట్టించుకోండి, వాళ్ళ పనికి విలువ ఉంది. ఈ కత్తులు మాత్రం ఇవ్వకండి. నీళ్ళు లేని చక్రం మీద పల్చటి అంచు క్షణంలో నీలం తిరుగుతుంది. తాత తేనె రంగు దగ్గర ఆపిన పనంతా ఆ క్షణంలో పోతుంది. ఇంట్లో ఒక టైలు ముక్క మీద 400, 1000, 2000 నంబర్ల నీటి ఎమరీ పేపరు పరిచి, తడిపి, చదునుని ఆనించి ముందుకి తోస్తే చాలు. అంచు మీద సన్నటి పొర వేలికి తగలగానే రెండో వైపు తిప్పాలి. చివర్లో పాత తోలు బెల్టు మీద వెనక్కి పదిసార్లు లాగితే ఆ పొర పోతుంది. అడవిలో ఇవేవీ లేకపోతే పింగాణీ కప్పు తిరగేస్తే అడుగున మెరుపు లేని గరుకు వలయం ఉంటుంది, దానిమీద రుద్దుకోవచ్చు. చెయ్యి అలవాటయ్యేదాకా నెమ్మదిగా చెయ్యండి. బొటనవేలు అంచుకి ఎదురుగా పెట్టకండి.

మావయ్య మనవడికి ఈ ఏడాది పన్నెండు నిండాయి. వాడికి కత్తి కావాలట. వాళ్ళ నానమ్మకి ఇష్టం లేదు. ఇప్పటికీ ఆవిడ కత్తిని ఎవరి చేతికీ ఇవ్వదు, గట్టు మీద పెట్టి తీసుకోమంటుంది. వాడికి ముందు నా మోరా ఇచ్చి నెల రోజులు సాన పట్టడం ఒక్కటే నేర్పించాను. కాగితం అంచుని గాలిలో పట్టుకుని కోసి చూపించాడు మొన్న. కోతలు మొదలైతే తాత కొడవళ్ళ పనిలో పడిపోతాడు, ఇంకేదీ ముట్టుకోడు. అందుకని కార్తీకం రాకముందే జీపు పట్టీ ముక్క, విరిగిన చివర కోసేసి, కొట్టు దగ్గర ఇచ్చొచ్చాను. బ్లేడు నాలుగంగుళాలు, తోక పిడి చివరిదాకా, పిడి తుమ్మకర్ర, వాడి అరచేతికి సరిపోయేంత. "గుంటడి సెయ్యి కొలత తేలేదేటి?" అని అడిగాడు తాత. కాగితం మీద వాడి అరచేతి చుట్టూ పెన్సిలుతో గీసి, ఆదివారం పట్టుకెళ్ళి ఇచ్చాను.